ఐస్ హాకీలో కళాశాల డిఫెన్స్ ఆటగాని సామర్థ్య అంచనా

ఈ వ్యాసం మంచుపై ఆడే హాకీకి సంబంధించినది. మైదానంలో ఆడే ఆట కొరకు హాకీ అనే వ్యాసాన్ని చూడండి.

కళాశాల డిఫెన్స్ ఆటగాని సామర్థ్య అంచనా అనగా అమెరికా విశ్వవిద్యాలయాల ఐస్ హాకీ జట్లలో రక్షణ స్థానంలో ఆడుతున్న యువకుడు ముందుముందు వృత్తి క్రీడాకారునిగా ఎంతవరకు రాణించగలడో నిర్ణయించే ప్రక్రియ. వృత్తి జట్లు నియమించుకొన్న స్కౌట్లు అనే పరిశీలకులు ఈ పని చేస్తారు. ఐస్ హాకీలో డిఫెన్స్ ఆటగాని భవిష్యత్తును ఊహించడం ఫార్వర్డ్ ఆటగాని భవిష్యత్తును ఊహించడం కంటే కష్టమని సాధారణంగా భావిస్తారు. ఫార్వర్డ్ ఆటగాని పనికి గోల్స్ రూపంలో లెక్క ఉంటుంది. డిఫెన్స్ ఆటగాని పనిలో అధిక భాగం జరగకుండా ఆపిన సంఘటనలే కనుక అది పట్టికలలో కనిపించదు. అందువలన అతడు ప్రస్తుతం ఎన్ని పాయింట్లు సాధిస్తున్నాడన్నది ఈ అంచనాలో అసలు ప్రశ్న కాదు. ఆలోచించడానికి దొరికే సమయం, కదలడానికి దొరికే స్థలం తగ్గినపుడు అతని ఆటలో ఏ భాగం నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఆటలో డిఫెన్స్ స్థానం

ఐస్ హాకీలో ఒక్కో జట్టు నుండి ఒక సమయంలో ఆరుగురు మంచుపై ఉంటారు. వీరిలో ఒకరు గోల్‌కీపర్, ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్ళు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళను కర్రతో ఆడతారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా జరుగుతుంది. ఆటగాళ్ళు సుమారు 45 సెకన్ల పాటు పూర్తి వేగంతో ఆడి, బెంచీకి తిరిగివచ్చి, తమ స్థానంలో మరొకరిని పంపుతారు.

వృత్తి జట్లు సాధారణంగా ఒక ఆటకు ఆరుగురు డిఫెన్స్ ఆటగాళ్ళను మూడు జంటలుగా దించుతాయి. మొదటి జంటలోని ఆటగాడు 60 నిమిషాల ఆటలో 25 నిమిషాల వరకు మంచుపైనే ఉండవచ్చు. ప్రత్యర్థి ఫార్వర్డ్‌లు ఎదురుగా వస్తున్నపుడు అతడు వెనుకకు స్కేటింగ్ చేస్తూ వారిని గోల్ నుండి పక్కకు మళ్ళించాలి. పక్ తన జట్టు చేతికి రాగానే దానిని ముందుకు అందించి దాడిని ప్రారంభించాలి. ఈ రెండు పనులలో ఏ ఒక్కదానిలో విఫలమైనా, గోల్‌కీపర్ తప్ప సరిదిద్దేవారు ఉండరు. ఫార్వర్డ్ చేసిన తప్పును వెనుకనున్న ఇద్దరు కప్పిపుచ్చగలరు గానీ డిఫెన్స్ ఆటగాని తప్పు తరచు గోల్‌గా మారుతుంది.

కళాశాల హాకీ మరియు డ్రాఫ్ట్

ఉత్తర అమెరికాలో అత్యున్నత వృత్తి పోటీ నేషనల్ హాకీ లీగ్. దీనిని సంక్షిప్తంగా ఎన్.హెచ్.ఎల్. అంటారు. 2021లో సియాటిల్ క్రాకెన్ చేరికతో ఈ లీగులో జట్ల సంఖ్య 32 అయినది. కొత్త ఆటగాళ్ళను జట్లు డ్రాఫ్ట్ అనే వార్షిక ఎంపిక ద్వారా పంచుకొంటాయి. 1963లో మొదలైన ఈ విధానంలో ప్రస్తుతం ఏడు విడతలు ఉన్నాయి. ఆ సంవత్సరం సెప్టెంబరు 15 నాటికి 18 ఏళ్ళు నిండినవారు ఎంపికకు అర్హులు.

కళాశాల క్రీడలను ఎన్.సి.ఏ.ఏ. అనే సంస్థ నిర్వహిస్తుంది. కళాశాలలో చేరబోయే ఆటగాళ్ళను వృత్తి జట్లు తరచు ముందుగానే డ్రాఫ్ట్‌లో ఎంపిక చేసి, వారిపై హక్కును ఉంచుకొని, చదువుతూ ఆడనిస్తాయి. ఈ కారణంగా అంచనా రెండుసార్లు జరుగుతుంది. మొదటిది 18 ఏళ్ళ వయసులో, డ్రాఫ్ట్‌కు ముందు. రెండవది కళాశాలలో ఒకటి నుండి నాలుగు సంవత్సరాలు ఆడిన తరువాత, ఒప్పందం ఇవ్వాలా వద్దా అని తేల్చుకొనేటపుడు. ఒక్కో జట్టు గరిష్ఠంగా 50 ఒప్పందాలను మాత్రమే కలిగి ఉండవచ్చు కనుక ఈ రెండవ నిర్ణయం కూడా తేలికైనది కాదు.

కెనడాలోని మేజర్ జూనియర్ లీగులలో ఆడినవారికి చాలాకాలం పాటు అమెరికా కళాశాల హాకీలో ప్రవేశం ఉండేది కాదు. 2024 నవంబరులో ఎన్.సి.ఏ.ఏ. ఈ నిషేధాన్ని తొలగించింది. ఈ మార్పు 2025 ఆగష్టు 1 నుండి అమలులోకి వచ్చినది. దీనివలన కళాశాల పోటీ స్థాయి మారుతున్నందున, పాత సంవత్సరాల అంకెలను కొత్త అంకెలతో నేరుగా పోల్చడం తగదు.

కళాశాల ఆటకు, వృత్తి క్రీడకు భేదాలు

కళాశాల జట్లు ఒక సీజన్‌లో సుమారు 35 నుండి 40 ఆటలు, ఎక్కువగా శుక్ర, శనివారాలలో ఆడతాయి. మిగిలిన రోజులు చదువుకు, సాధనకు, వ్యాయామానికి ఉపయోగపడతాయి. ఎన్.హెచ్.ఎల్. జట్టు 2025–26 సీజన్‌లో ప్లేఆఫ్స్ కాక 82 ఆటలు ఆడినది. వారానికి మూడు నాలుగు ఆటలు, వాటి మధ్య విమాన ప్రయాణాలు ఉంటాయి. రెండు రోజులు బాగా ఆడగలగడం, ఆరు నెలలపాటు ఒకే స్థాయిలో ఆడగలగడం వేర్వేరు విషయాలు.

రింక్ కొలతలు కూడా గమనించదగినవి. ఎన్.హెచ్.ఎల్. రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. కొన్ని కళాశాలల రింక్‌లు ఒలింపిక్ కొలతలో 100 అడుగుల వెడల్పుతో ఉండేవి. వెడల్పు రింక్‌లో గోడ దగ్గర తీరికగా పక్‌ను ఆడించిన యువకునికి, ఇరుకు రింక్‌లో ప్రత్యర్థి అర సెకను ముందే మీదికి వస్తాడు. కళాశాల హాకీలో ముఖమంతా కప్పే జాలీ తప్పనిసరి. ముష్టియుద్ధానికి దిగితే బహిష్కరణ ఉంటుంది.

వయసు మరొక భేదం. కళాశాల జట్టులో 18 ఏళ్ళ కుర్రవాడు, 23 లేక 24 ఏళ్ళ యువకుడు పక్కపక్కన ఆడతారు. 18 ఏళ్ళవాడు తనకంటే ఐదేళ్ళు పెద్దవారిని ఆపగలిగితే దానికి విలువ ఎక్కువ. 23 ఏళ్ళవాడు అదే పని చేస్తే, ఆ విజయంలో ఎంత భాగం నైపుణ్యానిది, ఎంత భాగం పెరిగిన శరీరానిది అని విచారించవలసి ఉంటుంది.

పరిశీలించే అంశాలు

స్కేటింగ్: నేరుగా పరుగు తీసే వేగం కంటే, వెనుకకు పోతూ దిక్కు మార్చుకొనే నేర్పు ముఖ్యమైనది. వెనుకకు కదులుతున్న ఆటగాడు ప్రత్యర్థి తనను దాటబోయే క్షణంలో నడుమును తిప్పి ముందుకు తిరగాలి. ఈ మలుపులో రెండు అడుగులు ఆలస్యమయ్యేవానిని కళాశాలలో ప్రత్యర్థి ఒక్కోసారి దాటుతాడు. ఎన్.హెచ్.ఎల్.లో ప్రతిసారీ దాటుతాడు. స్కౌట్లు కుడివైపు, ఎడమవైపు మలుపులను విడివిడిగా గమనిస్తారు.

ఎడం నిలుపుకోవడం: పక్‌తో వస్తున్న ప్రత్యర్థికి, తనకు మధ్య డిఫెన్స్ ఆటగాడు ఉంచుకొనే దూరాన్ని గ్యాప్ అంటారు. ఈ దూరం ఎక్కువైతే ప్రత్యర్థికి షాట్ కొట్టే వీలు చిక్కుతుంది. తక్కువైతే పక్కనుండి దూసుకుపోతాడు. తన వేగంపై నమ్మకం లేని ఆటగాడు ముందే వెనుకకు తగ్గి, తన నీలి గీతను పోరాడకుండా వదిలివేస్తాడు. పట్టికలో ఇది తప్పుగా నమోదు కాదు. అయినా అనుభవజ్ఞుడైన పరిశీలకునికి ఇది మొదట కనిపించే లోపం.

పక్‌ను తిరిగి తీసుకోవడం, మొదటి పాస్: ప్రత్యర్థులు పక్‌ను మూలకు విసిరి వెంటాడినపుడు, డిఫెన్స్ ఆటగాడు వారికి వీపు చూపుతూ వెళ్ళి దానిని అందుకోవాలి. పక్ దగ్గరకు చేరేలోపు అతడు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనుకకు చూశాడు అన్నది స్కౌట్లు లెక్కించే విషయం. చూసినవానికి ఎటు పాస్ ఇవ్వాలో ముందే తెలుస్తుంది. చూడనివాడు పక్ దొరికిన తరువాత వెతుకుతాడు. ఒత్తిడిలో పక్‌ను గోడవెంట ఊరకే బయటకు కొట్టడం, సహచరుని కర్రకు చేర్చడం రెండూ తాత్కాలికంగా ప్రమాదాన్ని తప్పిస్తాయి. అయితే మొదటి పద్ధతిలో పక్ మరల ప్రత్యర్థికే చేరే అవకాశం ఉంది.

ఆట యొక్క అవగాహన: పక్ ఉన్నచోట కాక, లేనిచోట అతడు ఏమి చేస్తున్నాడో చూడాలి. గోల్ ముందు తాను కాపలా కాయవలసిన ప్రత్యర్థిని వదిలి పక్ వైపు ఆకర్షితుడయ్యేవాడు కళాశాలలో తన వేగంతో తిరిగిరాగలడు. పైస్థాయిలో ఆ వ్యవధి దొరకదు. తప్పు చేసిన తరువాత వచ్చే మలివిడతలో అతని ప్రవర్తన కూడా పరిశీలనార్హమే. తప్పు తరువాత పాస్ ఇవ్వడానికే జంకేవాడు, అదే పాస్‌ను సరిగా ఇవ్వడానికి ప్రయత్నించేవాడు వేర్వేరు భవిష్యత్తులు కలవారు.

శరీరం: ఒకప్పుడు ఆరడుగులకు తక్కువ ఎత్తు కలిగిన డిఫెన్స్ ఆటగానిని డ్రాఫ్ట్‌లో వెనుకకు నెట్టేవారు. పొడవైన చేతులు, కర్ర చేరుకొనే దూరం, గోల్ ముందు ప్రత్యర్థిని కదిలించే బలం నిజంగానే ఉపయోగపడతాయి. అయితే బలం వ్యాయామంతో పెరుగుతుంది. ఆలోచనా వేగం అంత సులభంగా పెరగదు.

గణాంకాలు, వాటి పరిమితులు

గోల్స్, అసిస్ట్‌లు కలిపి పాయింట్లు అంటారు. డిఫెన్స్ ఆటగాని పాయింట్లను చదివేటపుడు ముందుగా పవర్ ప్లేలో వచ్చినవాటిని వేరు చేయాలి. ప్రత్యర్థి జట్టులో ఒకరు శిక్షపై బయట కూర్చున్నపుడు తక్కిన జట్టుకు ఒక ఆటగాడు అదనంగా ఉండే సమయమే పవర్ ప్లే. ఒక కళాశాల జట్టులో పవర్ ప్లేను నడిపే అవకాశం పొందిన ఆటగానికి వృత్తి జట్టులో ఆ స్థానం లభించకపోవచ్చు. అపుడు ఇద్దరు జట్లూ సమాన సంఖ్యలో ఆడే సమయంలో అతని విలువ ఎంత అన్నదే మిగులుతుంది.

ప్లస్–మైనస్ అనే పాత లెక్కలో, సమాన సంఖ్యలో ఆడుతున్నపుడు అతడు మంచుపై ఉండగా తన జట్టు గోల్ చేస్తే ఒకటి కలుపుతారు, ప్రత్యర్థి చేస్తే ఒకటి తీసివేస్తారు. గోల్‌కీపర్ ప్రతిభ, సహచరుల బలం దీనిలో కలిసిపోతాయి కనుక ఒక సీజన్ అంకెను బట్టి నిర్ణయానికి రాకూడదు. గోల్స్‌కు బదులుగా రెండు జట్ల షాట్ ప్రయత్నాలన్నిటినీ లెక్కించే పద్ధతిని కోర్సి అంటారు. ఇది జిమ్ కోర్సి అనే గోల్‌కీపింగ్ శిక్షకుని పేరుతో ఏర్పడినది. షాట్ ప్రయత్నాల సంఖ్య గోల్స్ సంఖ్య కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావడం వలన అదృష్టం పాత్ర కొంత తగ్గుతుంది.

వేర్వేరు లీగులలోని పాయింట్లను ఎన్.హెచ్.ఎల్. పాయింట్లతో సమానం చేసే గుణకాలు కూడా వాడుకలో ఉన్నాయి. ఒక లీగు నుండి పైకి వెళ్ళిన ఆటగాళ్ళందరి పాయింట్లు సగటున ఎంత తగ్గాయో చూసి వీటిని రూపొందిస్తారు. ఇవి సగటును చెప్పగలవు గానీ, ఒక వ్యక్తి ఆ సగటుకు ఎటువైపు నిలుస్తాడో చెప్పలేవు.

2018–19 సీజన్ ఉదాహరణ

2018–19 కళాశాల సీజన్ ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణ. ఆ సంవత్సరం ఆడిన ముగ్గురు డిఫెన్స్ ఆటగాళ్ళు తరువాత ఎన్.హెచ్.ఎల్.లో ఉత్తమ డిఫెన్స్ ఆటగానికిచ్చే నోరిస్ ట్రోఫీని పొందారు.

కేల్ మకార్ – మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం. 2017 డ్రాఫ్ట్‌లో 4వ స్థానం, కొలరాడో అవలాంచ్. 41 ఆటలలో 49 పాయింట్లు. నోరిస్ ట్రోఫీ 2022, 2025.

ఆడమ్ ఫాక్స్ – హార్వర్డ్ విశ్వవిద్యాలయం. 2016 డ్రాఫ్ట్‌లో 66వ స్థానం, కాల్గరీ ఫ్లేమ్స్. 33 ఆటలలో 48 పాయింట్లు. నోరిస్ ట్రోఫీ 2021.

క్విన్ హ్యూస్ – మిషిగన్ విశ్వవిద్యాలయం. 2018 డ్రాఫ్ట్‌లో 7వ స్థానం, వాంకూవర్ కానక్స్. 32 ఆటలలో 33 పాయింట్లు. నోరిస్ ట్రోఫీ 2024.

ఈ ముగ్గురిలో ఎవరి ఎత్తూ ఆరడుగులు లేదు. మకార్ బలం మొదటి రెండు అడుగులలోనే వేగం అందుకొనే స్కేటింగ్. అది చూసినవారెవరికైనా తెలుస్తుంది. ఫాక్స్ అంత వేగవంతుడు కాడు. ప్రత్యర్థి ఎటు కదలబోతున్నాడో ముందుగా ఊహించి, తక్కువ అడుగులతో సరైన చోటికి చేరుకోవడం అతని నైపుణ్యం. వేగం కొలతకు అందుతుంది, ఊహ అందదు. మకార్ 4వ స్థానంలోను, ఫాక్స్ 66వ స్థానంలోను ఎంపిక కావడానికి ఇది ఒక కారణమని చెప్పవచ్చు. కళాశాలలో ఒక ఆటకు వచ్చిన పాయింట్ల సగటు ముగ్గురిలో ఫాక్స్‌కే ఎక్కువ.

మకార్ 2017–18లో 34 ఆటలలో 21 పాయింట్లు సాధించి, వెంటనే వృత్తి క్రీడకు మారకుండా మరో ఏడాది కళాశాలలో కొనసాగాడు. 2019 ఏప్రిల్‌లో కళాశాల హాకీలో అత్యుత్తమ ఆటగానికిచ్చే హోబీ బేకర్ పురస్కారం పొందాడు. ఏప్రిల్ 13న అతని జట్టు జాతీయ ఫైనల్‌లో మిన్నెసోటా డులూత్ చేతిలో 3–0 తేడాతో ఓడినది. ఏప్రిల్ 15న అతడు కొలరాడో తరఫున ప్లేఆఫ్స్‌లో తన మొదటి ఎన్.హెచ్.ఎల్. ఆట ఆడి గోల్ చేశాడు. అదనంగా గడిపిన ఆ ఒక్క సంవత్సరం అతని పురోగతిని ఆలస్యం చేయలేదు.

పాయింట్లు తక్కువైన ఆటగాళ్ళు

పాయింట్లు ఎక్కువగా లేకుండానే గొప్ప డిఫెన్స్ ఆటగాళ్ళైనవారు కూడా ఉన్నారు. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఆడిన రాడ్ లాంగ్వే, వాషింగ్టన్ క్యాపిటల్స్ తరఫున 1982–83లో కేవలం 3 గోల్స్ చేసి నోరిస్ ట్రోఫీ గెలిచాడు. మరుసటి సంవత్సరం పాల్ కాఫీ 126 పాయింట్లు సాధించినప్పటికీ ట్రోఫీ మరల లాంగ్వేకే దక్కినది.

జేకబ్ స్లావిన్‌ను కరోలినా హరికేన్స్ 2012 డ్రాఫ్ట్‌లో 120వ స్థానంలో ఎంపిక చేసినది. కొలరాడో కాలేజీలో అతని రెండవ సంవత్సరపు పాయింట్లు మొదటి సంవత్సరం కంటే తగ్గాయి. పట్టిక మాత్రమే చూసినవారు అతడు వెనుకబడుతున్నాడని భావించి ఉండేవారు. అతడు 2015–16లోనే ఎన్.హెచ్.ఎల్.లో ప్రవేశించి, లీగులోని అగ్రశ్రేణి రక్షకులలో ఒకడైనాడు. తక్కువ శిక్షలతో ఆడే క్రీడాకారులకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీని 2021, 2024 సంవత్సరాలలో పొందాడు. కర్రతో పక్‌ను నేర్పుగా తప్పించగలవానికి ప్రత్యర్థిని పట్టుకొని ఆపవలసిన అవసరం అరుదు.

అంచనాలు తప్పిన సందర్భాలు

2005 డ్రాఫ్ట్‌లో ఒట్టావా సెనేటర్స్ జట్టు బ్రయాన్ లీని 9వ స్థానంలో, డల్లాస్ స్టార్స్ జట్టు మాట్ నిస్కానెన్‌ను 28వ స్థానంలో ఎంపిక చేశాయి. ఇద్దరూ మిన్నెసోటా రాష్ట్రపు ఉన్నత పాఠశాలల నుండి వచ్చినవారే. లీ నార్త్ డకోటాలోను, నిస్కానెన్ మిన్నెసోటా డులూత్‌లోను కళాశాల హాకీ ఆడారు. లీ ఎన్.హెచ్.ఎల్.లో సుమారు 200 ఆటలు ఆడగా, నిస్కానెన్ 900కు పైగా ఆటలు ఆడి 2018లో వాషింగ్టన్‌తో స్టాన్లీ కప్ గెలిచాడు.

టోరీ క్రూగ్‌ను డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంపిక చేయలేదు. మిషిగన్ స్టేట్‌లో మూడు సంవత్సరాలు ఆడిన తరువాత 2012లో బోస్టన్ బ్రూయిన్స్ అతనితో ఒప్పందం చేసుకొన్నది. 2013 ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్ రేంజర్స్‌పై అతడు ఐదు ఆటలలో నాలుగు గోల్స్ చేశాడు. బోస్టన్ విశ్వవిద్యాలయపు లేన్ హట్సన్ 2022లో 62వ స్థానంలో ఎంపికై, 2024–25లో మాంట్రియల్ తరఫున 66 పాయింట్లు సాధించి ఉత్తమ నూతన ఆటగానికిచ్చే కాల్డర్ ట్రోఫీ పొందాడు.

దీనికి మరొక వైపు కూడా ఉంది. డెన్వర్ విశ్వవిద్యాలయపు విల్ బుచర్ 2017లో హోబీ బేకర్ పురస్కారం గెలిచి, మరుసటి సీజన్‌లో న్యూజెర్సీ డెవిల్స్ తరఫున 44 పాయింట్లు సాధించాడు. ఆ స్థాయి నిలువక, 2021–22 తరువాత ఎన్.హెచ్.ఎల్.కు దూరమైనాడు. కళాశాల పురస్కారం గాని, మొదటి సంవత్సరపు విజయం గాని చివరి మాట కాదని ఇది తెలుపుతున్నది.

ఆటగాని ముందున్న నిర్ణయం

ఈ అంచనా జట్టుకు ఒక ఒప్పందానికి సంబంధించిన విషయం. ఆటగానికి జీవితానికి సంబంధించిన విషయం. ఎన్.హెచ్.ఎల్. ఒప్పందంపై సంతకం చేసిన తరువాత కళాశాల జట్టుకు తిరిగివచ్చి ఆడడానికి వీలు లేదు. తొందరపడి వెళ్ళినవాడు పట్టా పూర్తి కాకుండానే చిన్న పట్టణాలలోని దిగువ లీగులలో, తక్కువ ఆట సమయంతో సంవత్సరాలు గడపవలసి రావచ్చు. ఆలస్యం చేసినవాడు తనకు సవాలు కాని పోటీలో పాత అలవాట్లకే కట్టుబడిపోవచ్చు.

ఆటగానికి కూడా కొంత బలం ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు జస్టిన్ షుల్ట్జ్ తనను 2008లో ఎంపిక చేసిన అనాహైమ్ జట్టుతో ఒప్పందానికి అంగీకరించక, 2012లో ఎడ్మంటన్ ఆయిలర్స్‌లో చేరాడు. ఫాక్స్ హక్కులు కాల్గరీ నుండి 2018లో కరోలినాకు, 2019లో న్యూయార్క్ రేంజర్స్‌కు మారాయి. నోరిస్ ట్రోఫీ అతనికి దక్కినది ఈ మూడవ జట్టులోనే.

కళాశాలలో ఉండాలా, వెళ్ళాలా అన్నదానికి ఒక సూత్రం లేదు. అయితే స్కౌట్లు, శిక్షకులు సాధారణంగా వేసే ప్రశ్నలు ఇవి:

కళాశాల పోటీలో అతనికి నేర్చుకోవలసినది ఇంకా మిగిలి ఉన్నదా?

వృత్తి జట్టు అతనికి ఏ పాత్ర ఇవ్వదలచినది, ఎన్ని నిమిషాలు ఆడించగలదు?

అతని లోపం కాలంతో సరిపడేదా (బలం, అనుభవం వంటివి), లేక మౌలికమైనదా (మలుపు, అవగాహన వంటివి)?

గత సంవత్సరం చేసిన ఏ తప్పును అతడు ఈ సంవత్సరం చేయడం లేదు?

వీటిలో చివరి ప్రశ్నకు ప్రాముఖ్యత ఎక్కువ. 19 ఏళ్ళ యువకునిలో ఒక రోజు కనిపించిన స్థాయి కంటే, రెండు శీతాకాలాల మధ్య కనిపించిన మార్పు అతని భవిష్యత్తును బాగా సూచిస్తుంది. అందుకే ఒకే ఆటను చూసి నివేదిక వ్రాయక, అదే ఆటగానిని వేర్వేరు నెలలలో, బలమైన జట్లపైన, ఓడిపోతున్న ఆటలలో కూడా మరల మరల చూడడం ఆనవాయితీగా వస్తున్నది.

ఇవి కూడా చూడండి

ఐస్ హాకీ
నేషనల్ హాకీ లీగ్
స్టాన్లీ కప్
హాకీ